పిడి త్రిప్పితే వచ్చే వెలుగు
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సంవత్సరం ఏదైనా పనికివచ్చే సంగతి మీద కాసేపు మాట్లాడవలసిందని కార్యవర్గంవారు నన్ను ఆజ్ఞాపించారు. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ ప్యాసై రైల్వే ఆఫీసులో గుమాస్తాగా కుదిరినవాణ్ణి. కాగితాలు వరుసగా పెట్టడం, లెక్కలు సరిచూడడం నా పని. అంచేత ఈ ప్రసంగంలో కవిత్వం ఉండదు. కొంచెం లెక్క ఉంటుంది, కొంచెం మా ఇంటి కథ ఉంటుంది. ఓపికతో వినవలసిందిగా ప్రార్థన.

ఇందాక పంచాంగ శ్రవణంలో శాస్త్రులుగారు ఈ ఏటి వాన సంగతీ, గాలి సంగతీ చదివారు. 'గాలి' అన్న మాట వినబడగానే ముందు వరుసలో కూర్చున్న అమ్మలు ఒకరి ముఖం ఒకరు చూచుకోవడం నేను గమనించాను. అలా చూచుకోవడానికి కారణం ఉంది. మనం ఒడిశా తీరాన బ్రతుకుతున్నవాళ్ళం. మన చుట్టాలు సగంమంది శ్రీకాకుళం తీరాన ఉన్నారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరొకసారి బంగాళాఖాతం మన రెండు ఇళ్ళ తలుపులూ తడుతుంది. ఉగాది పచ్చడి తిన్న నెల తిరక్కుండానే మొదటి గండం మొదలవుతుందన్నమాట.

నేను మాట్లాడదలచుకొన్నది చేత్తో పిడి త్రిప్పి వెలిగించుకొనే టార్చిలైటు గురించి, అదే పిడితో సెల్ ఫోనుకు చార్జింగు ఇచ్చే పరికరం గురించి. నా దగ్గర అట్టిది ఒకటి ఉందని కాలనీలో చాలామందికి తెలుసు. "ఏమండీ, కొనమంటారా? పనిచేస్తుందా?" అని అడుగుతూనే ఉన్నారు. ఇన్నాళ్ళూ "ఆఁ, పనిచేస్తుంది" అని సగం సమాధానం చెప్పి తప్పించుకొన్నాను. మిగిలిన సగం చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఇవాళ ఆ సగం కూడా చెబుతాను.

ముందు మా నాన్నగారి గేటు దగ్గరనుంచి మొదలు పెట్టాలి.

మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉద్దానం నుంచి ఖుర్దా రోడ్డుకు వచ్చి పట్టాల పనిలో చేరారు. మా నాన్నగారు గేటుమాన్‌గా పనిచేశారు. చిలికా వైపు పోయే లైను మీద ఆయన గేటు. చిన్న గది, రెండు జెండాలు, రాత్రిపూట ఎరుపూ ఆకుపచ్చా చూపే చేతి లాంతరు, గోడకు ఒక టెలిఫోను పెట్టె. ఆ పెట్టెకు ప్రక్కన ఒక పిడి ఉండేది. నాన్న ఆ పిడిని గిరగిర త్రిప్పితే అవతల స్టేషనులో గంట మోగేది. స్టేషను మాస్టరుగారు అక్కడ పిడి త్రిప్పితే ఇక్కడ గంట మోగేది. 'ఫలానా బండి బయలుదేరింది, గేటు వెయ్యి' అని చెప్పేవారు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అన్నం క్యారేజీ పట్టుకెళ్ళి, నాన్న చూడకుండా ఆ పిడి త్రిప్పాను. స్టేషనులో గంట మోగింది. నాన్న ఫోను అందుకొని పొరపాటయిందని చెప్పి, తరువాత నా వీపు మీద ఒక్కటి వేశారు. "ఇది బొమ్మ కాదురా, దీని మీద ప్రాణాలున్నాయి" అన్నారు. ఆ దెబ్బ మరచిపోలేదు గాని, ఆ పెట్టె గురించి ఆయన తరువాత చెప్పిన మరొక మాట మాత్రం నేను మరచిపోయాను. ఆ మాట ఏమిటో చివర చెబుతాను.

ఆ పెట్టెలో పిడి త్రిప్పితే కరెంటు ఎక్కడినుంచి వచ్చేది? 1831వ సంవత్సరంలో ఇంగ్లండులో మైకేల్ ఫారడే అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన సూత్రం ఇది. రాగి తీగ చుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిపితే తీగలో కరెంటు పుడుతుంది. కదపడం ఆపితే కరెంటు ఆగిపోతుంది. ఇంతకన్నా రహస్యం లేదు. హిరాకుడ్‌లో నీరు త్రిప్పినా, తాల్చేరులో ఆవిరి త్రిప్పినా, గేటు గదిలో మా నాన్న చెయ్యి త్రిప్పినా సూత్రం ఒక్కటే. పూర్వం సైకిలు చక్రానికి ఆనించి పెట్టుకొనే డైనమో మీలో పెద్దలకు జ్ఞాపకం ఉంటుంది. తొక్కినంతసేపు దీపం, ఆగితే చీకటి. పాత తరహా రైలు పెట్టెల క్రింద కూడా చక్రాల ఇరుసుకు బెల్టు తగిలించి కరెంటు తీసేవారు. ఐతే బండి స్టేషనులో ఆగినప్పుడు కూడా దీపాలు వెలగాలి గదా! అందుకని క్రిందనే బ్యాటరీలు కూడా అమర్చేవారు. నడిచేటప్పుడు నింపుకోవడం, ఆగినప్పుడు వాడుకోవడం. దయచేసి ఈ సంగతి కూడా జ్ఞాపకం పెట్టుకోండి.

చేత్తో వెలిగించే టార్చి కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో హాలండు దేశంలో విమానాల భయంవల్ల ఊళ్ళన్నీ చీకటి చేసుకొన్న రోజుల్లో ఫిలిప్స్ కంపెనీవారు పిడికిట్లో పట్టుకొని నొక్కుతూ ఉంటే వెలిగే దీపం తయారుచేశారు. నొక్కినప్పుడల్లా గుర్రుమనేది కాబట్టి అక్కడివాళ్ళు దానికి 'నొక్కుడు పిల్లి' అని ముద్దుపేరు పెట్టుకొన్నారు. తరువాత ట్రెవర్ బేలిస్ అనే ఇంగ్లీషాయన ఆఫ్రికాలో ఎయిడ్స్ వ్యాధి గురించి హెచ్చరికలు పల్లెలకు అందడంలేదని 1991లో టెలివిజనులో చూచి, చావి ఇచ్చే గడియారంలాగా స్ప్రింగు చుట్టి నడిపే రేడియో తయారుచేశాడు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో దాని ఫ్యాక్టరీ పెట్టారు. సెల్లులు కొనుక్కోలేని బీదవాడికి వార్త అందాలని ఆయన తపన. ఇవాళ మనకు బజారులో దొరికే టార్చి, రేడియో, చార్జరు మూడూ కలిసిన పరికరాలు ఆ బీజం నుంచి మొలిచిన చెట్టు కొమ్మలే. గుడారాలు వేసుకొని అడవుల్లో, కొండల్లో గడిపేవారూ, ఇంట్లో గండం కోసం దాచుకొనేవారూ వీటిని కొంటున్నారు.

ఇక మా ఇంటి కథ.

మా నాన్నగారు రిటైరై అమ్మతో కూడా సోంపేట దగ్గర మా ఊరికి వెళ్ళిపోయారు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లూ, జీడిచెట్లూ ఎలా నేలకూలినవో మీరంతా ఎరుగుదురు. ఇక్కడ ఖుర్దా రోడ్డులో కూర్చొని నేను నాన్న నంబరు కొడుతూనే ఉన్నాను. నాలుగు రోజులు ఒకటే జవాబు, స్విచ్ ఆఫ్. ఐదవ రోజున ఎవరో అబ్బాయి మోటారు సైకిలు బ్యాటరీకి తగిలించి ఇచ్చిన ఫోనులో "బాగున్నాంరా" అన్నారు. ఆ ఒక్క మాట కోసం నాలుగు రాత్రులు నిద్ర లేదు.

అప్పుడే నిశ్చయించుకొన్నాను, ఇట్టి అవస్థ మళ్ళీ రాకూడదని. బజారుకు పోయి పిడి త్రిప్పే పరికరాలు రెండు కొన్నాను. ఒకటి నాన్నకు, ఒకటి మాకు. టార్చి, రేడియో, ఫోను చార్జరు మూడూ అందులో ఉన్నాయి. అట్టపెట్టె మీద 'ఇక చీకటి లేదు, చార్జింగుకు లోటు లేదు' అన్న అర్థం వచ్చే మాటలు. నేను నమ్మాను. నాతోపాటు మా ఆవిడ నమ్మింది. మా పాపకు అప్పటికి నాలుగేళ్ళు. దానికైతే అదొక ఆటవస్తువు.

ఏడు నెలలు తిరక్కుండానే మన వంతు వచ్చింది. 2019 మే 3వ తేదీ శుక్రవారం ఉదయం ఫొని తుఫాను పూరీ దగ్గర తీరం దాటింది. ప్రభుత్వంవారు ముందుగానే పదిలక్షలమందికి పైగా జనాన్ని సురక్షిత స్థలాలకు తరలించారు. 1999 అక్టోబరు 29 నాటి పెనుతుఫానులో ఈ రాష్ట్రంలో పదివేలమంది దాకా పోయారు. దానితో పోల్చుకొంటే ఈసారి ప్రాణాలు చాలావరకు దక్కాయి. కాని కరెంటు స్తంభాలు దక్కలేదు. సెల్ టవర్లు మూగపోయాయి. మన కాలనీలో చెట్లు ఎలా పడ్డవో, రేకులు ఎలా ఎగిరిపోయినవో మళ్ళీ చెప్పనక్కరలేదు.

ముందు రోజు రాత్రి మా ఇంట్లో రెండు ఫోన్లూ నిండా చార్జి చేసి పెట్టాను. ఇక్కడే నా తప్పు మొదలైంది. శుక్రవారం రాత్రి చీకట్లో ఏం కావలసినా ఫోను దీపమే వెలిగించాం. నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో చూడడానికి ఫోను. పాప ఏడిస్తే బొమ్మలు చూపించడానికి ఫోను. దొరకని సిగ్నలు కోసం పదినిమిషాలకొకసారి నాన్నకు కొట్టడానికి ఫోను. మా ఆవిడ ఒకసారి అన్నది, "ఏమండీ, కాస్త పొదుపుగా వాడదామా?" అని. నేను, "మనకేం భయం, పిడి ఉందిగదా!" అన్నాను. శనివారం ఉదయానికి ఒక ఫోను, మధ్యాహ్నానికి రెండవ ఫోను చచ్చిపోయాయి.

ఆ రాత్రి పిడి పట్టుకొన్నాను. ఫోను తీగ తగిలించి త్రిప్పాను. మే నెల ఉక్క, ఫ్యాను లేదు, దోమలు. పది నిమిషాలు త్రిప్పాను. ఫోను తెరమీద బ్యాటరీ బొమ్మ కనిపించి మాయమయింది. మా ఆవిడ అందుకొన్నది. మళ్ళీ నేను. ఇద్దరం కలిసి గంట త్రిప్పాం. చివరకు ఫోను మేలుకొన్నది. మేలుకోవడానికే మేము ఇచ్చినదాంట్లో చాలాభాగం తినేసింది. సంతోషంతో నాన్న నంబరు కొట్టాను. సిగ్నలు లేదు! మేలుకొన్న ఫోను సిగ్నలు వెతుక్కొంటూ వెతుక్కొంటూ కొద్ది నిమిషాలలో మళ్ళీ కన్ను మూసింది. నా అరచేతిలో బొబ్బ మిగిలింది.

మరొక సంగతి చెప్పడానికి ఇంకా సిగ్గుగా ఉంది. ఆదివారం నాడు, ఎవరి ఫోనో ఒక మూల పనిచేస్తోందని విని పరుగెత్తాను. ఆయన ఎంతో మర్యాదగా ఫోను చేతికిచ్చి, "నంబరు చెప్పండి" అన్నారు. నాన్న నంబరు నాకు నోటికి రాదు! నంబర్లన్నీ చచ్చిన ఫోనులో ఉన్నాయి. ఫైళ్ళ నంబర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పగలవాణ్ణి, కన్నతండ్రి ఫోను నంబరు చెప్పలేక నిలబడ్డాను. ఇంటికి వచ్చి మా ఆవిడను అడిగితే ఆమెకు నోటికి వచ్చు. తిరిగి వెళ్ళేసరికి ఆ ఫోను కూడా ఆగిపోయింది.

నాలుగవ రోజున, దక్షిణం వైపు బండి మీద డ్యూటీకి వెళ్తున్న మా పొరుగాయన, అప్పటికి ఆ ఉద్యోగాన్ని గార్డు అనేవారు, నా చేతినుంచి ఒక చీటీ తీసుకొన్నారు. అందులో నాన్న నంబరు, 'అందరం క్షేమం' అన్న రెండు ముక్కలు. ఆయన పలాసలో దిగి తన ఫోనుతో మా నాన్నకు చెప్పారు. ఇంత యంత్ర విజ్ఞానం ఉన్న రోజుల్లో మా క్షేమ సమాచారం చివరకు చీటీ ముక్క మీద రైలెక్కి వెళ్ళింది.

ఆ నాలుగు రోజులూ నాన్న పూటపూటా సోంపేట స్టేషనుకు వచ్చి ఉత్తరంనుంచి బండ్లేమైనా వస్తున్నాయా అని అడిగారట. అమ్మ సరిగా అన్నం తినలేదట. పక్షం రోజుల తరువాత నాన్న బియ్యపుమూట, కొబ్బరికాయలు పట్టుకొని ఇక్కడికి వచ్చారు. నేను పరికరం చూపించి, నమ్మించి మోసం చేసిందని తిట్టాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకొని పిడి రెండు చుట్లు త్రిప్పి నవ్వారు.

"ఒరే, గేటు కాడ ఫోను మరిసిపోనావేటిరా? పిడి తిప్పితే అవతల గంట మోగీది. అంతే. మాటలకి పెట్టెలో సెల్లులు వేరేగా ఉండీవి కాదా? పిడి పిలవడానికిరా, మాటాడ్డానికి కాదు" అన్నారు.

ఆయన చదువుకొన్నది నాలుగవ తరగతి. నేను మెట్రిక్. ఆయన అన్న మాట అక్షరాలా నిజం. ఆ పాత టెలిఫోను పెట్టెలో పిడి పుట్టించిన కరెంటు గంట మోగించడానికి మాత్రమే. మాట వెళ్ళడానికి లోపల డ్రై సెల్లులు పెట్టేవారు. చెయ్యి బలం పిలుపు వరకు, మాటకు నిలవ ఉంచుకొన్న బలం. చిన్నప్పుడు ఆయన చెప్పిన ఈ మాటనే నేను మరచిపోయాను. పరికరం మోసం చెయ్యలేదు. దాని శక్తి ఎంతో అడగకుండా నమ్మిన నేను మోసపోయాను.

ఇప్పుడు ఆ లెక్క మీ ముందు పెడతాను. చిన్న పిడి పట్టుకొని మామూలు మనిషి ఆగకుండా త్రిప్పితే ఇట్టి పరికరంలో సుమారు రెండు వాట్లు పుడుతుందనుకోండి. మంచిదైతే కొంచెం ఎక్కువ, నాసిదైతే ఇంకా తక్కువ. ఇవాళ్టి ఫోను బ్యాటరీ 5000 మిల్లీ ఆంపియర్ అవర్లు అని వ్రాసి ఉంటుంది. దాన్ని నింపడానికి సుమారు పంతొమ్మిది వాట్ గంటలు కావాలి. రెండు వాట్ల చొప్పున పంతొమ్మిదికి ఎంతసేపు? తొమ్మిదిన్నర గంటలు. దారిలో పోయే నష్టం కలుపుకొంటే పది గంటలు దాటుతుంది. పది గంటలు పిడి త్రిప్పగల వస్తాదు మన కాలనీలో ఎవరైనా ఉన్నారా? నేను కాను.

అదే చేతిని దీపానికి ఉపయోగించండి. చదువుకోవడానికి, వంట చేసుకోవడానికి చాలిన చిన్న ఎల్.ఇ.డి. దీపం వాటులో పదోవంతుతో వెలుగుతుంది. ఒక నిమిషం త్రిప్పినదాంట్లో సగం నష్టం పోయినా పది నిమిషాలు వెలుగు వస్తుంది. ఒకటికి పది! చిన్న రేడియోకు కూడా ఇంచుమించు ఇంతే. ఫోను నింపడానికి పిడి పనికిరాదు, దీపానికీ రేడియోకూ మాత్రం బంగారంలాగా పనికివస్తుంది. ఫొని రాత్రుల్లో మాకు నిజంగా తోడున్నది ఆ దీపమే. మా పాప ఒళ్ళో కూర్చొని తనే పిడి త్రిప్పేది. వెలుగు తన చేతినుంచి వస్తోందని తెలిశాక అది చీకటికి ఏడవడం మానింది. ఈ ఒక్క ఉపకారానికే నేను పెట్టిన డబ్బు దండుగ కాలేదని చెప్పగలను.

మరి ఫోను సంగతి? పిడితో ఫోనుకు చేయగలిగింది ఒకటున్నది. ఫోను పూర్తిగా చావకముందే, కొద్దిగా ప్రాణం ఉండగా, పదిహేను ఇరవై నిమిషాలు త్రిప్పితే ఒక చిన్న సందేశం పంపడానికీ, ఒక నిమిషం మాట్లాడడానికీ సరిపోతుంది. పూర్తిగా చచ్చినదాన్ని లేపడం మహా కష్టం. పైగా మీ ఫోను బ్రతికి ఉన్నా టవరు చచ్చి ఉంటే ఫలితం లేదు. కాబట్టి సిగ్నలు ఉన్నదని ఎవరైనా చెప్పేదాకా ఫోను ఆపి ఉంచడమే తెలివి.

ఇన్నేళ్ళ అనుభవంలో నేను నేర్చుకొన్న కొన్ని సంగతులు మనవి చేస్తాను. పెద్దలు మన్నించాలి.

కొనేటప్పుడు అట్టపెట్టె మాటలు నమ్మవద్దు. మీరే పిడి పట్టుకొని త్రిప్పి చూడండి. నిజమైన డైనమోకు పని తగిలితే పిడి చేతికి బరువుగా తెలుస్తుంది. గాలిలో త్రిప్పినట్లు తేలికగా తిరుగుతూ దీపం మాత్రం ధగధగ వెలిగితే అనుమానించండి. ఊపితే వెలిగే టార్చి అని చెప్పి లోపల మామూలు బొత్తాం సెల్లులు పెట్టి అమ్మే నకిలీలు కూడా బజారులో వచ్చాయి. ఆ సెల్లులు అయిపోగానే అది బొమ్మ. పిడి పొట్టిగా, సన్నగా ఉంటే విరుగుతుంది. లోపలి పళ్ళచక్రాలు చాలావాటిలో ప్లాస్టిక్కే కాబట్టి రాక్షసంగా త్రిప్పకూడదు. తిరగలి త్రిప్పినట్లు నిదానంగా, ఒకే వేగంతో త్రిప్పాలి. ఈ సంగతి మన తల్లులకు నేను నేర్పనక్కరలేదు.

కొని అటక మీద పడవేయవద్దు. లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది. నెలల తరబడి ఖాళీగా ఉంటే అది పాడవుతుంది. రెండు నెలలకొకసారి తీసి, నింపి, దీపం వెలిగించి చూడండి. రేడియోలో ఆకాశవాణి ఏ స్టేషను మీ ఇంట్లో బాగా వినబడుతుందో ముందే చూచుకొని దాని అంకె పరికరం వెనుక కాగితం అంటించండి. సెల్ టవరు పడిపోయినా, దూరాన ఉన్న రేడియో స్టేషను మాట మనకు అందే అవకాశం ఉంది. తుఫాను నాడు వదంతులకు రెక్కలు వస్తాయి. వాటికి మందు రేడియో.

మాటకు నిలవ కావాలని నాన్న అన్నారు గదా. ఆ నిలవ పేరు ఇవాళ పవర్ బ్యాంకు. 10000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకు ఒకటి నిండుగా ఉంటే 5000 ఫోనును ఒకసారి పూర్తిగా నింపి, ఇంకా కొంత మిగులుతుంది. తుఫాను హెచ్చరిక రాగానే బియ్యం, కిరసనాయిలు చూచుకొన్నట్లే అది నిండా ఉందో లేదో చూచుకోవాలి. దీపానికి పిడి, ఫోనుకు పవర్ బ్యాంకు. ఈ రెండింటినీ ఒకదాని పనికి ఒకటి పెట్టకూడదు. ఫోనును దీపంగా వాడడం మహాపాపమని మా ఇంట్లో ఇప్పుడు శాసనం. ఎండ వచ్చాక పనికివచ్చే చిన్న సౌర పలక ఉన్నా మంచిదే, కాని తుఫాను మబ్బులో దాన్ని నమ్ముకోలేం.

విహారయాత్రలకు వెళ్ళే కుర్రవాళ్ళకూ ఒక మాట. చిలికా ఒడ్డున ఒక రాత్రి గడిపి రావడానికి పిడి చార్జరు అక్కరలేదు, నిండిన పవర్ బ్యాంకు చాలు. రోజుల తరబడి కరెంటు లేని చోటికి వెళ్ళేవారు మాత్రం పిడి టార్చి సంచిలో పెట్టుకోండి. సెల్లులు తడిసిపోయినా, అయిపోయినా మీ చెయ్యి మీతోనే ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనదీ, అన్నిటికన్నా చవకైనదీ ఒకటున్నది. కాగితం. దగ్గరివాళ్ళ నంబర్లు పది కాగితం మీద వ్రాసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దేవుడి గూట్లో ఉంచండి. మా పాపకు ఇప్పుడు తాతగారి నంబరు ఎక్కంలాగా కంఠతా వచ్చు. పొద్దున్న స్నానం చేయించేటప్పుడు ఎక్కాలతోపాటు చెప్పించేవాళ్ళం.

చివరగా, సంఘంవారికి ఒక విన్నపం. మనం పొట్ట చేత పట్టుకొని వచ్చినవాళ్ళం. ఇక్కడ గాలి వస్తే అక్కడ అమ్మ నిద్రపోదు, అక్కడ గాలి వస్తే ఇక్కడ మనం నిద్రపోము. రెండు తుఫానుల్లోనూ మా ఇంట్లో అందరి ప్రాణాలూ దక్కాయి. ఐనా మమ్మల్ని తినేసింది ఆ తెలియకపోవడమే. 'క్షేమం' అన్న రెండక్షరాల కోసం మనుష్యులు అన్నం మానేశారు. ఆ రెండక్షరాలు చేరవేయడానికి ప్రతి ఇంటివారూ విడివిడిగా ఫోను పట్టుకొని సిగ్నలు కోసం పరుగెత్తనక్కరలేదు.

సంఘం గదిలో ఒక పుస్తకం పెడదాం. సభ్యుల ఇంటి పేరు, స్వగ్రామం, అక్కడ చెప్పవలసినవారి నంబరు, ఇంతే వివరం. పిడి త్రిప్పే రేడియో దీపం ఒకటి, నిండా ఉంచిన పెద్ద పవర్ బ్యాంకు ఒకటి, రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు గల సాదా ఫోను ఒకటి అక్కడ ఉంచుదాం. తుఫాను వెలిసిన మరునాడు ఇద్దరు కుర్రవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి ఎవరు ఎలా ఉన్నారో ఆ పుస్తకంలో గుర్తు పెట్టాలి. సిగ్నలు దొరికిన చోటికి ఒక్కరు వెళ్ళి, ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క సందేశం పంపాలి. ఒక ఊరిలో ఒక్కరికి తెలిస్తే ఊరంతటికీ తెలిసినట్లే. సిగ్నలు అసలు దొరకకపోతే చీటీలు వ్రాసి దక్షిణం వెళ్ళే మొదటి బండికి అందించాలి. ఆ పని నాకు అప్పగించండి, అనుభవం ఉన్నవాణ్ణి. పుస్తకంలో మొదటి పేజీ కూడా నేనే వ్రాస్తాను. అందులో మొదటి నంబరు మా నాన్నగారిది. ఇప్పుడు చూడకుండా వ్రాయగలను.

నాన్నకు ఇచ్చిన పరికరం ఇప్పటికీ మా ఊళ్ళో పనిచేస్తూనే ఉంది. రాత్రిపూట కరెంటు పోతే ఆయన అరుగు మీద కూర్చొని పిడి త్రిప్పుతూ ఉంటే వీధి పిల్లలు ఆ వెలుగులో చేరతారట. గేటు కథలు చెబుతారట. ఈసారి వెళ్ళినప్పుడు అడిగాను, "నాన్నా, ఫోనుకు చార్జింగు ఎక్కించారా దీంతో?" అని. "దానికెందుకురా అంత కష్టం? పక్కింటోడు కేకేస్తే వినబడతాడు" అన్నారు. తుఫాను నాడు మొట్టమొదట పనికివచ్చేది పక్కింటివాడి కేక అని ఆ మాటకు అర్థం చెప్పుకొన్నాను.

ఈ నూతన సంవత్సరంలో మన ఇళ్ళలో దీపాలకు లోటు రాకూడదనీ, వచ్చినా పిడి త్రిప్పే చేతులకు లోటు రాకూడదనీ, మనవాళ్ళ క్షేమం మనకూ మన క్షేమం మనవాళ్ళకూ వేళకు అందాలనీ భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాను.  పరికరం నా సంచిలోనే ఉంది. త్రిప్పి చూడాలనుకొనే పిల్లలు సభ అయిన తరువాత రావచ్చు. ఎవరి వీపు మీదా దెబ్బ పడదని హామీ ఇస్తున్నాను.